బెల్టు పరీక్షకు రెండు వారాలు: చీలమండ బెణికింది, వేలు వాచింది. ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

తెల్లబెల్టు_నాన్న
సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నా వయసు 41. మా అమ్మాయిని కరాటేలో చేర్పించడానికి వెళ్లినవాడిని, గంటసేపు గోడకు చేరగిలబడి ఫోను చూసుకోవడం దేనికని నేనూ చేరిపోయాను. ఏడు నెలలైంది. ఈ ఆదివారం కాక పై ఆదివారం మా ఇద్దరికీ పసుపు బెల్టు పరీక్ష.

నిన్న పొద్దున కుమితే (ఎదురెదురుగా తలపడే) సాధనలో వెనక్కి అడుగు వేస్తుంటే కుడి పాదం లోపలికి మడతపడింది. పడబోతూ చేయి అడ్డం పెట్టాను. ఎదుటివారి మోచేయి నా కుడిచేతి మధ్యవేలి కొనకు బలంగా తగిలింది. మా తరగతి ఒక కల్యాణ మండపంలో, వట్టి బండల మీద జరుగుతుంది. చాపలు లేవు.

సాయంత్రానికి చీలమండ బన్నులా ఉబ్బింది. వేలికి పెద్దగా నొప్పి లేదు, కొంచెం వాచిందంతే. మాస్టారు "ఏమీ కాదు, నడుస్తూ ఉంటే అదే సర్దుకుంటుంది" అన్నారు. మా ఆవిడ పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. మా అమ్మ పక్క వీధిలో నరాలు సరిచేసే ఆయన దగ్గర తోమించుకోమని రాత్రి నుంచి పట్టుబడుతోంది. ఇంటర్నెట్టులో చూస్తే ఒకరు ఐసు పెట్టమంటారు, మరొకరు ఐసు ముట్టుకోవద్దంటారు. అనుభవం ఉన్నవారు చెప్పండి: ఐసా, కాపడమా? తోమించుకోవచ్చా? గురువారం తరగతికి వెళ్లవచ్చా?

జూడో_పాతకాపు
సోమవారం, రాత్రి 10.05

ఐసు సంగతి తరువాత చూద్దాం. ముందు ఎముక సంగతి తేలాలి.

మడతపడిన వెంటనే నాలుగు అడుగులు వేయగలిగారా? ఇప్పుడు వేయగలుగుతున్నారా? కుంటుతూ వేసినా లెక్కే. రెండోది, చీలమండకు లోపలా బయటా గుండ్రంగా పొడుచుకొచ్చిన ఎముకలు ఉంటాయి కదా, వాటి చివరను, వెనక అంచును వేలితో నొక్కి చూడండి. కింది నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల వరకు నొక్కాలి. అలాగే పాదం బయటి అంచున చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే సగం దూరంలో ఒక బొడిపె తగులుతుంది, దాన్నీ, లోపలి వైపు పాదం వంపుకు పైన ఉండే ఎముకనూ నొక్కండి. వీటిలో ఎక్కడైనా సరిగ్గా ఎముక మీదే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు పడకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇది నా సొంత తెలివి కాదు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1990ల ఆరంభంలో తయారుచేసిన పద్ధతి. ప్రతి బెణుకుకూ ఎక్స్‌రే తీయనవసరం లేకుండా, విరిగినది తప్పిపోకుండా చూడడానికి ఆసుపత్రుల్లో ఇప్పటికీ దీన్నే వాడతారు.

ఎముక మీద కాకుండా దాని ముందు, కింద, మెత్తటి చోట నొప్పి ఉంటే చాలావరకు అది ఎముకలను కలిపి పట్టే స్నాయువు సాగిన బెణుకే.

గరిడీ_తాత
మంగళవారం, ఉదయం 5.20

బాబూ, మాది విజయనగరం. మా నాన్నగారు సాముగరిడీ నేర్పేవారు. కర్రసాములో మణికట్టు బెణకని రోజు ఉండేది కాదు. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం, చింతాకు ఉడికించి గుడ్డలో కట్టి పట్టు, మోకాలికైతే జిల్లేడు ఆకుకు ఆముదం రాసి వెచ్చచేసి కట్టడం. ఇవే మా మందులు. మూడో రోజుకు మళ్లీ కర్ర పట్టేవాళ్లం. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారికి కాలు తీసేయవలసి వచ్చినప్పుడు మత్తుమందు కూడా వద్దన్నారని మా చిన్నతనంలో కథలుగా చెప్పేవారు. ఈ రోజుల్లో వేలు వాస్తే ఇంటర్నెట్టులో అడుగుతున్నారు!

ఊరికే అన్నాను, తప్పుగా అనుకోకు. తగ్గుతుంది.

జూడో_పాతకాపు
మంగళవారం, ఉదయం 6.45

తాతగారూ, ఆ కథ మేమూ విన్నాం. కానీ ఆయన మత్తుమందు వద్దన్నారు గానీ వైద్యుణ్ణి వద్దనలేదు కదండీ.

ఫిజియో_విశాఖ
మంగళవారం, మధ్యాహ్నం 1.15

వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. భోజన విరామంలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

గరిడీ_తాత గారూ, వావిలాకు కాపడాన్ని నేను కొట్టిపారేయను. మా అమ్మమ్మ ఇంట్లో దొడ్డి నిండా వావిలి చెట్లే. తేడా అంతా రోజులో ఉంది. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు లోపల చిన్న రక్తనాళాలు చిట్లి ఊరుతూ ఉంటాయి. అప్పుడు వేడి పెడితే రక్తప్రసారం పెరిగి వాపు ఎక్కువవుతుంది. తోమడం అంతకన్నా చేటు. సగం తెగిన పోగులను వేళ్లతో లాగినట్టే. నాలుగైదు రోజులకు వాపు దిగి, బిగుసుకుపోయినట్టు అనిపించినప్పుడు మీ వేణ్ణీళ్ల కాపడం హాయిగా ఉంటుంది. మీ మూడో రోజు లెక్క బహుశా అక్కడే కుదిరి ఉంటుంది.

పసుపు, సున్నం పట్టు గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. సున్నం క్షారం. బిగించి కట్టి రాత్రంతా ఉంచితే చర్మం కాలుతుంది. బెణుకు తగ్గాక కూడా బొబ్బల మచ్చలు మిగిలినవారిని చూశాను. ఇప్పుడే కడిగేయించండి.

ఐసు గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను. విశ్రాంతి, ఐసు, బిగువైన కట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి రైస్ అని 1978లో పేరు పెట్టినది గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడు. (మన వాళ్లకు అన్నం కాబట్టి సులువుగా గుర్తుంటుంది.) కొన్ని దశాబ్దాల తరువాత ఆయనే, ఐసు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని మాట మార్చుకున్నాడు. వాపు కూడా శరీరం చేసుకునే మరమ్మతులో భాగమేనన్నది దాని వెనక ఉన్న ఆలోచన. నేను చెప్పేది ఇది: ఐసు గాయం మానడానికి కాదు, నొప్పికి. నొప్పి ఎక్కువగా ఉంటే మొదటి రెండు రోజులు, తడిగుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి. చర్మం మీద నేరుగా పెట్టవద్దు. నొప్పి లేకపోతే పెట్టకపోయినా నష్టం లేదు.

క్రేపు బ్యాండేజీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. ఒక్కో చుట్టు కింది చుట్టును సగం కప్పాలి. చాలామంది చీలమండ దగ్గరే మొదలుపెట్టి బిగిస్తారు. అప్పుడు వాపంతా పాదంలోకి దిగుతుంది. కాలివేళ్లు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా విప్పేయండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేసి కాలు దిండు మీద పెట్టుకోండి.

ఇక నా అసలు ప్రశ్న. అందరూ చీలమండ గురించే మాట్లాడుతున్నారు. ఆ మధ్యవేలిని పూర్తిగా నిటారుగా చాపగలుగుతున్నారా? రెండో చేతి సాయం లేకుండా?

హాస్టల్_బాక్సర్
మంగళవారం, సాయంత్రం 4.30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది చిన్న విషయమే. నిన్న గ్లోవ్స్ లేకుండా సరదాగా ఆడుతుంటే నా పిడికిలి మా గదిలో అతని పంటికి తగిలింది. మెటిక దగ్గర అర సెంటీమీటరు తెగింది. ప్లాస్టరు వేశాను. ఈ రోజు కొంచెం ఎర్రగా, వెచ్చగా ఉంది. డెటాల్ సరిపోతుందా?

ఫిజియో_విశాఖ
మంగళవారం, సాయంత్రం 4.42

తమ్ముడూ, సరిపోదు. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికన్నా తొందరపడవలసింది నీదే. పిడికిలి బిగించినప్పుడు పన్ను దిగితే, చేయి చాపగానే ఆ గాయం పైన మూసుకుపోతుంది, నోటిలోని సూక్ష్మజీవులు కీలులోపల చిక్కుకుంటాయి. పైకి అర సెంటీమీటరే కనిపిస్తుంది. లోపల చీము పట్టి వేలు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ రాత్రికే ఆసుపత్రికి వెళ్లు. "పన్ను తగిలింది" అని కచ్చితంగా చెప్పు. సిగ్గుపడి "తలుపు తగిలింది" అంటే వైద్యం మారిపోతుంది. టెటనస్ ఇంజక్షను ఎప్పుడు వేయించుకున్నావో కూడా చెప్పు.

హాస్టల్_బాక్సర్
మంగళవారం, సాయంత్రం 4.50

తలుపు అనే చెబుదామనుకున్నాను. వెళుతున్నాను.

తెల్లబెల్టు_నాన్న
మంగళవారం, రాత్రి 9.10

అందరికీ కృతజ్ఞతలు. పట్టు కడిగేశాను. నిజంగానే చర్మం ఎర్రబడి మండుతోంది. మా ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది.

చీలమండ: నిన్నా, ఈ రోజూ నడుస్తున్నాను, కుంటుతూనే. ఎముకల మీద నొక్కితే పెద్దగా ఏమీ లేదు. బయటి ఎముకకు ముందు, కొంచెం కింద నొక్కితే మాత్రం ఎగిరిపడ్డాను.

వేలు: మీరు అడిగాకే గమనించాను. చివరి కణుపు కిందికి వంగి ఉంది, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు. ఎంత ప్రయత్నించినా దానంతట అది లేవడం లేదు. ఎడమచేత్తో ఎత్తితే హాయిగా నిటారుగా వస్తుంది, వదలగానే మళ్లీ వంగిపోతుంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు.

ఫిజియో_విశాఖ
మంగళవారం, రాత్రి 9.25

అనుకున్నంతా అయింది. వేలి చివరి కణుపును పైకి లేపే స్నాయుబంధం వేలి వెనకవైపు సన్నని పట్టీలా ఉంటుంది. కొనకు ఎదురు దెబ్బ తగిలి వేలు హఠాత్తుగా వంగినప్పుడు అది తెగుతుంది, లేదా చిన్న ఎముక ముక్కను ఊడదీసుకుని వస్తుంది. క్రికెట్టులో క్యాచ్ పట్టేవారికి, వాలీబాల్ ఆడేవారికి, జూడోలో ఎదుటివారి గౌను (మందపాటి పైచొక్కా) పట్టుకుని లాగేవారికి ఎక్కువగా జరుగుతుంది. నొప్పి తక్కువ కాబట్టే మోసం చేస్తుంది.

ఇప్పుడే చేయవలసింది: ఐసుక్రీము పుల్ల ఒకటి తీసుకుని, వేలి చివరి కణుపు నిటారుగా, వీలైతే వెంట్రుకవాసి వెనక్కి ఉండేలా, అరచేతి వైపు పెట్టి టేపు వేయండి. మధ్య కణుపు కదలాలి, దాన్ని బిగించవద్దు. రేపు ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. పెద్ద ముక్క విరగకపోతే మామూలుగా శస్త్రచికిత్స అవసరం ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వేలి కొనను నిటారుగా ఉంచే పట్టీ (స్ప్లింటు) వేస్తారు, రాత్రీ పగలూ. అందులో ఒక్కసారి వేలు వంగినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అన్నం కలిపేటప్పుడు, చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు జాగ్రత్త.

చీలమండ మాత్రం మీరు చెప్పిన దాన్ని బట్టి ఇంట్లోనే చూసుకోదగ్గ బెణుకులా ఉంది. ఎలాగూ వెళుతున్నారు కాబట్టి దాన్నీ చూపించండి.

తెల్లబెల్టు_నాన్న
మంగళవారం, రాత్రి 9.50

ఒక్క మాట. నొప్పి లేదు, పిడికిలి పడుతోంది. పరీక్ష అయ్యాక, అంటే రెండు వారాల తరువాత పట్టీ వేయించుకుంటే కుదరదా? అమ్మాయితో కలిసి రాస్తానని మాట ఇచ్చాను.

జూడో_పాతకాపు
మంగళవారం, రాత్రి 10.20

కుదరదు. పిడికిలి పట్టిన ప్రతిసారీ తెగిన కొసలు ఇంకొంచెం దూరమవుతాయి.

నా ఉంగరపు వేలు సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదులో ఒక పోటీకి ముందు సరిగ్గా ఇదే జరిగింది. మా జట్టులో పెద్దాయన వేలు పట్టుకుని టక్కున లాగి "సర్దేశాను పో" అన్నారు. నేను టేపు చుట్టుకుని మూడు పోట్లాటలు ఆడాను. రెండిటిలో ఓడిపోయాను, అది వేరే విషయం. ఆ కణుపు అప్పటి నుంచి వంగే ఉంది. ఇప్పటికీ ప్యాంటు జేబులో చేయి పెట్టిన ప్రతిసారీ ఆ వేలు జేబు అంచుకు తగులుకుంటుంది. బస్సులో చిల్లర తీసేటప్పుడల్లా ఆ పోటీ గుర్తొస్తుంది.

ఇందులో ఇంకో రకం ఉంది, దాన్నీ చెప్పి వదిలేస్తాను. ఎదుటివాడి గౌనులో వేలు ఇరుక్కుని వాడు గుంజుకున్నప్పుడు అరచేతి వైపు స్నాయుబంధం తెగుతుంది. అప్పుడు వేలి చివర వంగదు. ఎక్కువగా ఉంగరపు వేలికే. దానికి శస్త్రచికిత్స కావాలి, అదీ వారం పది రోజుల లోపల. వేలు వాచినప్పుడు ప్రతి కణుపునూ విడివిడిగా వంచి, చాపి చూసుకోవాలి. రెండూ బాగుంటేనే పక్క వేలితో జతకట్టి టేపు వేసుకుని సాధనకు వెళ్లడం. మధ్యలో కాస్త దూది పెట్టాలి, లేకపోతే చెమటకు చర్మం నానిపోతుంది.

జుజుట్సు_డాలస్
బుధవారం, ఉదయం 7.00

ఇక్కడ రాత్రి. తరగతి నుంచి వచ్చి చదువుతున్నాను. మా నేలకుస్తీ వాళ్ల బాధలు వేరు, రాయనివ్వండి.

మొదటిది చెవి. రాపిడికి చెవి మీది చర్మానికీ మృదులాస్థికీ మధ్య రక్తం చేరి మెత్తగా ఉబ్బుతుంది. వదిలేస్తే గట్టిపడి జీవితాంతం ముడుచుకుపోయిన చెవి మిగులుతుంది. కొందరు దాన్ని పతకంలా చూపించుకుంటారు, వాళ్ల ఇష్టం. మా దగ్గర ఒకరు ఇన్సులిన్ సూదితో తనే తీసుకున్నాడు. రెండు రోజుల్లో మళ్లీ నిండింది, పైగా చీము. రక్తం తీశాక చెవికి రెండు వైపులా ఒత్తి పట్టే కట్టు వేయకపోతే మళ్లీ నిండుతుంది. అది వైద్యుడి పని, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే.

రెండోది తామర. ఇది మన వాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన "దురదకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అంటూ ఒక ట్యూబు తెస్తాం కదా, దాని వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్ అనో, బీటామెథసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. రాసిన రెండో రోజుకు దురద, ఎరుపు పోతాయి, శిలీంధ్రం మాత్రం కింద హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోవడంతో చూసే వైద్యుడికి కూడా అది తామరో కాదో తెలియకుండా పోతుంది. నేను నాలుగు నెలలు అలా రాశాను. మా ఆవిడకూ, పిల్లవాడికీ అంటించాను. చివరికి స్టెరాయిడ్ లేని టెర్బినాఫిన్ పూత, కొన్నాళ్లు మాత్రలతో వదిలింది. మచ్చ మాయమయ్యాక కూడా చెప్పినన్ని రోజులూ రాయాలి. అది పూర్తిగా తగ్గిందని వైద్యుడు చెప్పేదాకా చాప మీదకు వెళ్లకూడదు. ఇది మర్యాద విషయం కూడా.

గరిడీ_తాత
బుధవారం, ఉదయం 7.40

కుస్తీ గోదాలో మట్టికి పసుపు, నూనె, మజ్జిగ, వేపాకు పొడి కలిపి తవ్వేవారు. చర్మానికి మంచిదనే. అయినా తామర వచ్చేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వచ్చినవాణ్ణి గోదాలో దిగనిచ్చేవారు కాదు. మట్టిలో కాలు గీసుకుంటే ధనుర్వాతం ఇంజక్షను వేయించనిదే మా నాన్నగారు ఊరుకునేవారు కాదు. అంత మొండి మనిషి కూడా. ఆయన తమ్ముడు దానితోనే పోయాడు, తొమ్మిదేళ్ల వయసులో.

తెల్లబెల్టు బాబూ, నేను మొన్న తేలిగ్గా అన్నాను. వేలు చూపించుకో.

కరాటే_టీచరమ్మ
బుధవారం, మధ్యాహ్నం 12.30

పదహారేళ్లుగా ఒక బడిలో నేర్పుతున్నాను. నేర్పేవాళ్ల వైపు నుంచి కొంచెం.

"నడుస్తూ ఉంటే సర్దుకుంటుంది" అన్న మాస్టారి మీద నాకు కోపం లేదు. మాకు మా మాస్టార్లు చెప్పినదే మేమూ చెబుతాం. కానీ పిల్లల విషయంలో ఆ మాట అనడం నేను మానేశాను. పదకొండేళ్ల పాపకు మణికట్టు బెణికిందని క్రేపు చుట్టి పంపాను ఒకసారి. ఎముక పెరిగే చోట చీలిక అని మూడో రోజు తేలింది. ఎదిగే పిల్లల్లో స్నాయువు కన్నా ఎముక ఎదిగే మెత్తటి పొరే బలహీనం. పెద్దవాళ్లకు బెణుకుతో పోయే దెబ్బకు వాళ్లకు ఎముక విరగవచ్చు. ఆ పాప తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. సిమెంటు నేల మీద పిల్లలతో పిడికిళ్లపై దండీలు తీయించడం కూడా అప్పుడే ఆపాను.

అరచేయి ఆనించి పడి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఏర్పడే గుంటలో నొప్పి ఉంటే పెద్దవాళ్లకైనా అనుమానించాలి. అక్కడి చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. పది పన్నెండు రోజులకు మళ్లీ తీస్తారు. అందాకా పట్టీలోనే ఉంచుతారు.

ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చమని అరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాల్చితే రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది. ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పదిహేను నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. నిమిషానికోసారి ఆగిందా అని వదిలి చూడకూడదు. పిల్లలకు నేను మనసులో ఎక్కాలు చదవమంటాను. ఆగాక ముక్కు లోపల రెండు వైపులా ఉబ్బి ఊపిరి ఆడకపోతే అదే రోజు వైద్యుడికి చూపించాలి.

తలకు దెబ్బ తగిలితే నా దగ్గర ఒకటే పద్ధతి. కళ్లు తిరిగినా, మాట తడబడినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజుకు ఆట ముగిసింది. బతిమాలినా, ఏడ్చినా, ఫైనల్ అయినా అంతే. వాంతులు, పెరిగే తలనొప్పి, లేపితే లేవని మగత, స్పృహ తప్పడం, మూర్ఛ ఉంటే నేరుగా ఆసుపత్రికి. మళ్లీ స్పారింగ్ (ఎదురెదురు పోరు సాధన) వైద్యుడు సరేనన్నాకే. ఇందులో ఇంటి వైద్యం అనేది లేదు.

హాస్టల్_బాక్సర్
బుధవారం, సాయంత్రం 6.15

గాయాన్ని కాస్త కోసి లోపల శుభ్రం చేశారు, కుట్లు వేయలేదు, తెరిచే ఉంచారు. యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. మళ్లీ రమ్మన్నారు. అక్కగారూ, మీకు రుణపడి ఉంటాను.

ఇంకో అనుమానం. మావాళ్లు చాలామంది స్పారింగ్‌కు ముందే నొప్పి మాత్ర వేసుకుంటారు. అది తప్పా?

ఫిజియో_విశాఖ
బుధవారం, రాత్రి 8.00

తప్పే. ఏది ఆపమని శరీరం చెబుతోందో ఆ గొంతును నొక్కి బరిలోకి దిగడం. పైగా బరువు తగ్గడానికి నీళ్లు మానేసి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేసుకుంటే మూత్రపిండాలకు దెబ్బ. కడుపులో పుండు ఉన్నవారికి, ఉబ్బసం ఉన్నవారికి వేరే ప్రమాదాలు. ఒళ్లు నొప్పులతో జ్వరం కూడా ఉంటే, ఈ వానాకాలంలో డెంగీ కాదని తేలేదాకా వాటిని ముట్టుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడూ అదే కారణంతో మానాలి. మోతాదులు నేను ఇక్కడ రాయను. అది మీ వైద్యుడు చెప్పాలి.

తొడ మీద తన్ను తిన్నవారికి ఒక మాట, బాక్సింగ్ నుంచి, కాళ్లతో తన్నడం కూడా ఉండే ముయ్‌థాయ్‌కి మారేవాళ్లు ఎలాగూ అడుగుతారు. తొడ కండ లోపల కమిలి గట్టిగా ఉబ్బితే మొదటి రోజు మోకాలిని నొప్పి భరించగలిగినంత వంచి ఉంచడం మంచిది. దాన్ని నూనె పెట్టి గట్టిగా పిసికితే, కమిలిన కండలోనే ఎముక పెరిగే అవకాశం ఉంది. అతిశయోక్తి కాదు, ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది.

నిర్వాహకుడు
బుధవారం, రాత్రి 8.30

చర్చ బాగుంది. మందుల పేర్లు, మోతాదులు అడుగుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. నరాలు సరిచేసేవారి మీద తిట్ల పురాణం కూడా. పుత్తూరు కట్టు మీద గౌరవం ఉన్నవారూ ఇక్కడ ఉన్నారు, లేనివారూ ఉన్నారు. వాదించండి, దూషించవద్దు.

జూడో_పాతకాపు
బుధవారం, రాత్రి 8.55

తిట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. నా మాట ఇంతే: వెదురు బద్దలతో, కోడిగుడ్డు తెల్లసొనతో కట్టు కట్టించుకుంటారా, పట్టీ వేయించుకుంటారా అన్నది మీ నమ్మకం. ఏ కట్టుకైనా ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక జరిగిందో లేదో చూడకుండా లాగడమే నా గొడవ. నా జేబు బాధ చెప్పాను కదా.

తెల్లబెల్టు_నాన్న
పై వారం శనివారం, రాత్రి 9.30

ఆలస్యంగా రాస్తున్నాను, టైపు చేయడం కష్టంగా ఉంది.

ఎక్స్‌రేలో ఎముక ముక్క ఊడలేదు, స్నాయుబంధమే తెగింది. ప్లాస్టిక్ పట్టీ వేశారు. ఎనిమిది వారాలు, ఆపైన కొన్నాళ్లు రాత్రిపూట మాత్రం. చీలమండ బెణుకేనన్నారు. ఇప్పుడు కుంటడం లేదు. కూర్చుని కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమన్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరుతో అయిపోతాయి గానీ, నేను ఓనమాలు మొదలుపెట్టాను. "ఋ" దగ్గర చీలమండ మొరాయిస్తుంది, "క్ష" వచ్చేసరికి చెమటలు పడతాయి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడుతున్నాను. ఒంటికాలితో నొప్పి లేకుండా గెంతగలిగాకే కుమితే అన్నారు. అదీ వేలు మానాకే.

మాస్టారికి చెప్పడానికి రెండు రోజులు జంకాను. ఆయన ఏమీ అనలేదు. మరుసటి తరగతిలో మాత్రం అందరినీ వరసగా నిలబెట్టి వేళ్లు చాపి, వంచి చూపించమన్నారు. ఇంకొకాయనకు పాత వంకర బయటపడింది. చాపల సంగతి అడిగాను, మండపం వాళ్లతో మాట్లాడతానన్నారు.

రేపు పరీక్ష అమ్మాయి ఒక్కతే రాస్తుంది. కాతా (వరసగా చేసి చూపించే కదలికలు) తప్పులు లేకుండా వచ్చిందో లేదో నాకు చూపించమంటే "నాన్నా, నువ్వు తెల్ల బెల్టువి, నీకేం తెలుస్తుంది" అంది.

ఫిజియో గారూ, చిన్న అనుమానం. పట్టీ కింద చర్మం తెల్లగా నానిపోయి వాసన వస్తోంది. కడగవచ్చా?

ఫిజియో_విశాఖ
ఆదివారం, ఉదయం 6.10

కడగాలి. వేలిని బల్ల మీద బోర్లా ఆనించి పెట్టి, బల్లనే ఆధారంగా ఉంచి పట్టీ జరపండి. కణుపు ఒక్క క్షణం కూడా వంగకూడదు. కాబట్టి మొదట్లో ఇంకొకరి సాయం తీసుకోండి. సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ వేయండి. స్నానానికి వేలి మీద ప్లాస్టిక్ కవరు కట్టుకోండి. పుండు పడినట్టుంటే వైద్యుడికి చూపించండి, పట్టీ కొలత మార్చవలసి రావచ్చు.

మొదటి రాత్రి పుల్ల దొరికిందా?

తెల్లబెల్టు_నాన్న
ఆదివారం, ఉదయం 6.40

రాత్రి పది దాటాక వీధి చివర దుకాణం తెరిపించి రెండు ఐసుక్రీములు కొన్నాను. రెండూ అమ్మాయే తిన్నది. రెండో పుల్ల డబ్బాలో దాచి ఉంచాను. ఇప్పుడు పరీక్షకు బయలుదేరుతున్నాం, సంచి నేను ఎడమచేత్తో మోస్తున్నాను.